బైపాస్ అయి పది వారాలైంది, ఈఎఫ్ ఇంకా 34 దగ్గరే ఉంది: ఏం చేయాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. ఫిబ్రవరి చివర్లో గుండెపోటు వచ్చింది. మార్చి మొదటి వారంలో బైపాస్ చేసి మూడు గ్రాఫ్టులు (మూసుకుపోయిన నాళాలను దాటించే కొత్త దారులు) వేశారు. ఆపరేషన్‌కి ముందు ఈఎఫ్ (గుండె ఒక్కో కొట్టుకు బయటకు పంపే రక్తం శాతం) 32. ఆపరేషనైన ఆరో రోజు ఎకోలో 30 వచ్చింది, ఎనిమిదో వారంలో 34. ఇంత ఖర్చు పెట్టి ఆపరేషన్ చేయిస్తే ఇంతేనా అని ఇంట్లో అందరికీ దిగులుగా ఉంది. డిశ్చార్జి నాటికి 66 కిలోలున్న మనిషి ఇప్పుడు 62కి వచ్చారు. ఆయాసం లేదు, కాళ్ల వాపు లేదు గానీ లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయంటున్నారు. బీపీ 96/60 ఉందని మా ఊళ్లో డాక్టరుగారు సాకుబిట్రిల్-వల్సార్టన్, మెటోప్రొలాల్ ఆపేయమన్నారు. ఆపి నాలుగు రోజులైంది. స్పిరోనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్, టోర్సెమైడ్, ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్ వేసుకుంటున్నారు. రోజుకు లీటరు నీళ్లే తాగాలని హాస్పిటల్లో చెప్పారు, ఇప్పటికీ అదే పాటిస్తున్నాం. నడిపించాలంటే భయమేసి ఎక్కువసేపు పడుకోబెడుతున్నాం. గుండె మళ్లీ బలపడుతుందా? ఎన్నాళ్లకు?
ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా

సమాధానం: మీ ఉత్తరంలో ఈఎఫ్ కన్నా ఎక్కువ కలవరపెట్టింది ఆపేసిన ఆ రెండు మందులు. అందుకే ముందు వాటి సంగతి. ఈ రోజే ఆపరేషన్ జరిగిన హాస్పిటల్లోని కార్డియాలజిస్టుకు ఫోన్ చేసి మూడు విషయాలు చెప్పండి: బరువు నాలుగు కిలోలు తగ్గింది, వాపూ ఆయాసమూ లేవు, లేచినప్పుడు కళ్లు తిరుగుతున్నాయి. ఈ మూడూ కలిపి చూస్తే, బీపీ పడిపోవడానికి అసలు కారణం ఒంట్లో నీరు తగ్గిపోవడమే కావచ్చనిపిస్తోంది.

మీరే చూడండి. మే నెల, పల్నాడు ఎండలు. తాగేది లీటరు. చెమటగా పోయేది ఒకటి, టోర్సెమైడ్ లాగేది ఒకటి, డాపాగ్లిఫ్లోజిన్ మూత్రంలో చక్కెరతో పాటు తీసుకుపోయేది ఇంకొకటి. ఆపరేషన్ అప్పుడు ఎక్కించిన ద్రవాలతో ఒంట్లో నీరు చేరుతుంది. లీటరు కట్టడి ఆ రోజుల కోసం పెట్టింది. వాపు పోయి, బరువు దిగాక కూడా అదే కట్టడి, అదే టోర్సెమైడ్ మోతాదు ఎండాకాలంలో కొనసాగిస్తే బీపీ ఇలాగే పడుతుంది, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ కూడా పెరుగుతుంది. ఒంట్లో నీరు చేరని మనిషికి మజ్జిగ, టీ, చారు అన్నీ కలిపి రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల దాకా సాధారణంగా ఒప్పుకుంటారు. మీ నాన్నగారికి ఎంతన్నది రక్తపరీక్ష చూసి డాక్టరుగారు చెబుతారు. ఈ వారంలోనే క్రియాటినిన్, సోడియం, పొటాషియం, హిమోగ్లోబిన్ చేయించండి.

బీపీ తక్కువ ఉన్నప్పుడు ఏ మందు ముందు తగ్గించాలన్నదానికి ఒక వరుస ఉంది. టోర్సెమైడ్ ఒంట్లోని నీటిని బయటకు పంపుతుంది, అంతే. అది గుండె కండరాన్ని బాగు చేయదు. వాపు లేని మనిషికి ముందు తగ్గించాల్సింది అదే. తర్వాత, గుండెతో పని లేకుండా బీపీని దించేవి ఇంకేమైనా ఉన్నాయా అని చూడాలి: ఆమ్లోడిపిన్, ప్రోస్టేట్ కోసం ఇచ్చే టామ్సులోసిన్ లాంటివి. అన్ని మాత్రలూ పొద్దున ఒక్కసారే వేసుకుంటుంటే కొన్నింటిని రాత్రికి మార్చవచ్చు. ఇవన్నీ అయ్యాక కూడా కళ్లు తిరగడం తగ్గకపోతే అప్పుడు సాకుబిట్రిల్-వల్సార్టన్ మోతాదు తగ్గిస్తారు. పూర్తిగా ఆపడం ఆఖరి మాట. మెటోప్రొలాల్‌ను ఉన్నపళంగా ఆపడం మరీ ప్రమాదం. గుండె వేగం ఒక్కసారిగా పెరుగుతుంది, ఈఎఫ్ తక్కువ ఉన్నవాళ్లకు గుండె లయ తప్పే అవకాశం ఉంటుంది. అయితే మీ అంతట మీరు పాత మోతాదులో మళ్లీ మొదలుపెట్టకండి. ఎంతతో మొదలుపెట్టాలో నాడి, బీపీ, క్రియాటినిన్ చూసి కార్డియాలజిస్టు చెప్పాలి.

అసలు ఈఎఫ్ 34 ఉన్న మనిషికి పై బీపీ 95, 100 ఉండటం మామూలే. ఏ ఇబ్బందీ లేకపోతే ఆ అంకెను చూసి మందులు ఆపక్కర్లేదు. 90 కన్నా దిగితే, కళ్లు చీకట్లు కమ్మితే, పడిపోతే, నాడి 50 లోపు ఉండి నీరసంగా ఉంటే మాత్రం వెంటనే డాక్టరుతో మాట్లాడాలి. బీపీ చూసే పద్ధతి కూడా సరిగా ఉండాలి. అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టి, చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. నిలబడినప్పుడు పై అంకె 20 లేదా అంతకు మించి పడితే ఆ మూడు అంకెలూ రాసుకుని ఫోన్‌లో చెప్పండి.

ఇక ఈఎఫ్. 34 శాతం అంటే గుండె మూడో వంతే పని చేస్తోందని చాలామంది అనుకుంటారు. అది కాదు. ఎడమ జఠరికలో (ఒంటికంతా రక్తం పంపే గుండె కింది గదిలో) నిండిన రక్తంలో ఒక్కో కొట్టుకు ఎంత శాతం బయటకు వెళ్తుందన్నదే ఈఎఫ్. బాగున్న గుండెలో కూడా 55 నుంచి 70 శాతమే వెళ్తుంది, నూరు ఎవరికీ ఉండదు. 120 మిల్లీలీటర్లు నిండి 72 బయటకు వెళ్తే ఈఎఫ్ 60. సాగిపోయిన గుండెలో 150 నిండి 48 వెళ్తే 32. కాబట్టి ఈఎఫ్ ఒక్కటే చూస్తే సగమే తెలుస్తుంది. జఠరిక సైజు తగ్గుతోందా లేదా అన్నది కూడా అంతే ముఖ్యం. మందులు పని చేస్తుంటే సాగిన గుండె మెల్లగా కుంచించుకుంటుంది. రిపోర్టులో ఆ కొలత మిల్లీమీటర్లలోనో మిల్లీలీటర్లలోనో ఉంటుంది, పాత రిపోర్టు పక్కన పెట్టి చూడండి.

ఎకోలో ఈఎఫ్ కొలతకు అయిదారు పాయింట్ల తేడా సహజం. ఒకే మనిషికి ఒకే రోజు ఇద్దరు చేసినా అంత తేడా రావచ్చు. అందువల్ల మీ 32, 30, 34 మూడింటినీ దాదాపు ఒకటే అనుకోండి. పడిందని కుంగిపోనక్కర్లేదు, పెరిగిందని చెప్పడానికీ లేదు. ఆరో రోజు ఎకోను అయితే లెక్కలోకే తీసుకోకండి. ఆ సమయంలో గుండె సర్జరీ దెబ్బ నుంచి తేరుకుంటూ ఉంటుంది, రక్తం తక్కువగా ఉంటుంది, నాడి వేగంగా ఉంటుంది. పైగా బైపాస్ తర్వాత రెండు జఠరికల మధ్య గోడ కదలిక చాలామందిలో వింతగా మారుతుంది. రిపోర్టులో ‘పారడాక్సికల్ సెప్టల్ మోషన్’ అని ఉంటుంది. అది గుండె చుట్టూ ఉన్న సంచిని తెరవడం వల్ల వచ్చే మార్పు. గుండె ముడుచుకున్న ప్రతిసారీ గోడ మందం మామూలుగా పెరుగుతూ ఉంటే అది కొత్త దెబ్బ కాదు. నెలలపాటు, కొందరికి ఎప్పటికీ అలాగే ఉంటుంది.

గుండె మళ్లీ బలపడుతుందా అన్నది కండరం ఇప్పుడు ఏ స్థితిలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. రక్తం కాసేపు ఆగి మళ్లీ అందడంతో మొద్దుబారిన కండరం ఒకటి. ఇది రోజుల్లో, వారాల్లో తేరుకుంటుంది. గుండె వైద్యులు బ్రాన్‌వాల్డ్, క్లోనర్ 1982లో దీని గురించి వివరంగా రాశారు. రెండోది నెలలు, ఏళ్ల తరబడి రక్తం చాలక పనిని తగ్గించుకుని ప్రాణం నిలుపుకున్న కండరం. దీన్ని నిద్రాణ స్థితి అంటారు. ఈ కణాలు చావలేదు గానీ ముడుచుకోవడానికి కావలసిన పోగులను పోగొట్టుకుని, వాటి స్థానంలో గ్లైకోజెన్ నింపుకుని ఉంటాయి. కాలువకు నీళ్లు వదిలిన రోజే పైరు లేచి నిలబడనట్టు, ఇవి కూడా పోగులను మళ్లీ కట్టుకోవడానికి మూడు నెలలు, ఆరు నెలలు, బాగా చెడిన చోట ఏడాది దాకా తీసుకుంటాయి. మూడోది చచ్చి మచ్చ కట్టిన కండరం. దానికి ఎంత రక్తం అందించినా తిరిగి రాదు.

మీ నాన్నగారి గుండెలో ఈ మూడూ కలిసే ఉండవచ్చు. ఎకోలో గోడ మందం 6 మిల్లీమీటర్ల కన్నా పలచబడిన చోట మచ్చ ఉందనే అనుకుంటారు. ఎంఆర్ఐలో మచ్చ గోడ మందంలో సగానికి మించి ఉన్న చోట కోలుకునే ఆశ తక్కువ, పావు వంతు లోపు ఉంటే బాగా ఎక్కువ. అలాగని ఇప్పుడు ఎంఆర్ఐకి పరుగెత్తకండి. ఆపరేషన్ అయిపోయింది, రిపోర్టు ఎలా వచ్చినా ఇవ్వాల్సిన మందులు ఇవే. నా ఉద్దేశంలో ఆ డబ్బు మందులకు, ఫాలో అప్‌కి దాచుకోవడం మంచిది.

ఎంత పెరుగుతుందని అడిగితే కచ్చితమైన మాట ఎవరూ ఇవ్వలేరు. కొందరికి పది, పదిహేను పాయింట్లు పెరుగుతుంది, కొందరికి ఏమీ పెరగదు. కానీ పెరగనంత మాత్రాన ఆపరేషన్ వృథా అయినట్టు కాదు. ఈఎఫ్ 35 అంతకన్నా తక్కువ ఉన్న 1,212 మందిని తీసుకుని చేసిన స్టిచ్ అధ్యయనం ఉంది. అందులో సగం మందికి బైపాస్‌తో పాటు మందులు, మిగతావారికి మందులు మాత్రమే. అయిదేళ్లకు మొత్తం మరణాల్లో స్పష్టమైన తేడా కనిపించలేదు. పదేళ్లకు చూస్తే మందులతోనే ఉన్నవారిలో 66 శాతం, బైపాస్ అయినవారిలో 59 శాతం చనిపోయారు. తర్వాత 2019లో అదే అధ్యయనం నుంచి ఇంకో సంగతి తేలింది: నాలుగు నెలలకు ఈఎఫ్ ఎంత మారిందన్నదానికీ, ఆ తర్వాత బతకడానికీ సంబంధం కనిపించలేదు. గ్రాఫ్టులు మరో గుండెపోటు నుంచి కాపాడతాయి, ఈఎఫ్ అంకెలో అది కనిపించదు.

నిద్రాణ కండరానికి రక్తం ఒక్కటే చాలదు, దాని మీద పడే భారం కూడా తగ్గాలి. ఆ పని నాలుగు రకాల మందులు చేస్తాయి: సాకుబిట్రిల్-వల్సార్టన్, మెటోప్రొలాల్, స్పిరోనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్. ఈ నాలుగూ తక్కువ మోతాదుతో మొదలై, రెండు వారాలకోసారి, బీపీ, రక్తపరీక్షలు చూసుకుంటూ పెరగాలి. చాలా ఇళ్లలో జరిగే పొరపాటేమిటంటే డిశ్చార్జి చీటీలో రాసిన మొదటి మోతాదే ఏడాదంతా నడుస్తుంది. సాకుబిట్రిల్-వల్సార్టన్ మన దగ్గర 50, 100, 200 మిల్లీగ్రాముల మాత్రలుగా దొరుకుతుంది, లక్ష్యం రోజుకు రెండుసార్లు 200. మెటోప్రొలాల్ సక్సినేట్ 25తో మొదలై 200 దాకా వెళ్తుంది. స్పిరోనోలాక్టోన్ 25 నుంచి 50. డాపాగ్లిఫ్లోజిన్ మాత్రం మొదటి నుంచీ 10 మిల్లీగ్రాములే. అందరూ ఆ చివరి మోతాదు దాకా వెళ్లలేరు, తట్టుకున్నంత వరకు వెళ్లడమే లక్ష్యం. ఒకదాన్ని పూర్తి మోతాదుకు తీసుకెళ్లి మరొకదాన్ని వదిలేయడం కన్నా నాలుగూ కొద్దికొద్దిగా ఉండటం మేలు.

వీటితో వచ్చే చిక్కులు తెలిసి ఉండాలి. స్పిరోనోలాక్టోన్, సాకుబిట్రిల్-వల్సార్టన్ రెండూ పొటాషియాన్ని పెంచుతాయి. మొదలుపెట్టిన, మోతాదు మార్చిన ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూడాల్సిందే. పొటాషియం 5.5 దాటితే మోతాదు తగ్గించాలి, 6 దాటితే ఆపి ఆ రోజే హాస్పిటల్‌కి వెళ్లాలి. ఇక్కడే మన ఇళ్లలో ప్రేమతో చేసే రెండు పనులు బెడిసికొడతాయి. పేషెంటుకు మంచిదని రోజూ కొబ్బరి బొండాలు తాగించడం ఒకటి, ‘లో సోడియం’ ఉప్పు కొని తేవడం రెండోది. ఆ ఉప్పులో సోడియం బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఈ మందుల మీద ఉన్నవాళ్లకు అది వద్దు. మామూలు ఉప్పే, రోజు మొత్తానికి ఒక చెంచాకు మించకుండా వాడండి. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, బజారు చిప్స్‌లోని ఉప్పు కూడా ఆ చెంచాలో భాగమే.

స్పిరోనోలాక్టోన్‌తో కొందరు మగవాళ్లకు రొమ్ములో నొప్పి, వాపు వస్తాయి. సిగ్గుపడి చెప్పకుండా మాత్ర మానేస్తారు. చెబితే ఎప్లెరినోన్‌కు మారుస్తారు. డాపాగ్లిఫ్లోజిన్‌తో జననాంగాల దగ్గర ఫంగస్ దురద రావచ్చు, మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ నీళ్లతో కడుక్కుని పొడిగా ఉంచుకుంటే చాలావరకు రాదు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున, ఏమీ తినని ఉపవాసం రోజున డాపాగ్లిఫ్లోజిన్ వేసుకోకూడదు. షుగర్ అంకె మామూలుగా ఉండగానే రక్తం ఆమ్లమయ్యే ప్రమాదం ఉంది. విరేచనాల రోజున టోర్సెమైడ్, స్పిరోనోలాక్టోన్ సంగతి కూడా ఫోన్‌లో అడిగి తెలుసుకోండి.

షుగర్ మాత్రల చీటీ తీసి అందులో పయోగ్లిటజోన్ ఉందేమో చూడండి. మాత్ర పేరులో కనిపించదు, అట్ట వెనక చిన్న అక్షరాల్లో మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్‌ల పక్కన మూడోదిగా ఉంటుంది. అది ఒంట్లో నీరు నిలుపుతుంది, ఈఎఫ్ తగ్గినవారికి పనికిరాదు. ఉంటే షుగర్ డాక్టరుకు చెప్పి మార్పించండి. ఛాతీ నొప్పికో భుజం నొప్పికో మెడికల్ షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా అంతే, గుండెకూ కిడ్నీకీ చేటు. పారాసిటమాల్ వాడుకోవచ్చు. తెల్లమద్ది బెరడు కషాయం గుండెకు బలమని ఎవరైనా చెబితే, అది ఈ నాలుగు మందులకు బదులు కాదని గుర్తుంచుకోండి. వాడుతుంటే కార్డియాలజిస్టుకు దాచకుండా చెప్పండి.

పడుకోబెట్టడం దయచేసి మానేయండి. మంచాన ఉంటే కాళ్ల కండరాలు కరిగిపోతాయి, తర్వాత నాలుగడుగులకే ఆయాసం వస్తే అది గుండెదే అనుకుని మళ్లీ పడుకోబెడతారు. ముందు కళ్లు తిరగడం సర్దుకోనివ్వండి, ఆ తర్వాత ఇంట్లోనే పూటకు అయిదు నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు మొదలుపెట్టి, వారానికి అయిదు నిమిషాలు పెంచుతూ రోజుకు అరగంట ఏకధాటి నడక దాకా తీసుకెళ్లండి. ఎండలో వద్దు, పొద్దున్నే గానీ చీకటి పడ్డాక గానీ. వేగం ఎంతన్నదానికి ఒకటే గుర్తు: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మెటోప్రొలాల్ వేసుకునేవారికి నాడి లెక్క ఈ విషయంలో నమ్మదగింది కాదు. హాస్పిటల్లో కార్డియాక్ రిహాబ్ (గుండె పేషెంట్లకు దగ్గరుండి వ్యాయామం చేయించే విభాగం) ఉంటే నాలుగైదు సార్లైనా వెళ్లి, ఈసీజీ పెట్టి నడిపించి చూస్తే ఇంట్లో వాళ్ల భయం కూడా పోతుంది. రొమ్ము ఎముక అతుక్కోవడానికి మూడు నెలలు పడుతుంది కాబట్టి అప్పటిదాకా నాలుగైదు కిలోలకు మించి ఎత్తకూడదు, బైకు నడపకూడదు.

బరువు తగ్గడంలో నీటితో పాటు కండ కూడా పోయి ఉండవచ్చు. పథ్యం పేరుతో ఇడ్లీ, చారన్నం, బ్రెడ్డుతో నెలలు గడిపితే జరిగేది అదే. కిడ్నీలు బాగుంటే ఆయనకు రోజుకు 65 నుంచి 70 గ్రాముల ప్రొటీన్ కావాలి. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 6 నుంచి 7, కప్పు ముద్దపప్పులో దాదాపు అంతే, వంద గ్రాముల చికెన్‌లో 25 దాకా వస్తాయి. ప్రతి పూటా వీటిలో ఏదో ఒకటి కంచంలో ఉండేలా చూడండి.

ఈ రక్తపరీక్షలతో పాటే ఒంట్లో ఐరన్ ఎంతుందో చూపే ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ కూడా చేయించండి. ఫెరిటిన్ 100 లోపు ఉన్నా, 100 నుంచి 299 మధ్య ఉండి సాచురేషన్ 20 శాతం లోపు ఉన్నా ఐరన్ లోపమే, హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా సరే. ఇలాంటి గుండె జబ్బులో ఐరన్ మాత్రలు పెద్దగా పని చేయవు, రక్తనాళం ద్వారా ఎక్కించాలి. నీరసం తగ్గడానికి ఇది చాలామందికి పనికొస్తుంది, అయినా అడిగితే గాని చేయని పరీక్ష.

రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, టిఫినుకు ముందు బరువు చూసి రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, రెండు కాళ్లూ వాచినా, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చున్నా ఆ రోజే ఫోన్ చేయాలి. గ్రాఫ్టు కోసం రక్తనాళం తీసిన కాలు ఒక్కటే కాస్త వాచి ఉండటం కొన్ని నెలల దాకా మామూలు. కానీ పిక్కలో నొప్పితో ఉన్నట్టుండి వాస్తే వెంటనే చూపించాలి. ఛాతీలో బరువు, స్పృహ తప్పడం, ఉన్నట్టుండి గుండె దడదడలాడటం జరిగితే ఫోన్లు చేస్తూ కూర్చోవద్దు, 108కి చెప్పి హాస్పిటల్‌కి వెళ్లండి.

తర్వాతి ఎకో ఎప్పుడన్నది మీకు ముఖ్యం, ఎందుకంటే దాని మీద ఐసీడీ నిర్ణయం ఆధారపడి ఉంటుంది. బైపాస్ అయి 90 రోజులు దాటాక, కనీసం మూడు నెలలు సరైన మందులు వాడాక కూడా ఈఎఫ్ 35 లేదా అంతకన్నా తక్కువ ఉంటే, ప్రమాదకరమైన లయను షాక్‌తో సరిచేసే ఆ యంత్రం గురించి మాట్లాడతారు. అది ప్రాణం కాపాడేది, ఈఎఫ్ పెంచేది కాదు. ఈసీజీలో ఎడమ బండిల్ బ్లాక్ (ఎడమ జఠరికకు కరెంటు ఆలస్యంగా చేరడం) ఉండి, జఠరికలకు కరెంటు పాకే సమయాన్ని చూపే క్యూఆర్ఎస్ వెడల్పు 150 మిల్లీసెకన్లు దాటితే సీఆర్‌టీ అనే మరో రకం పేస్‌మేకర్ ఉంది, దానితో ఈఎఫ్ పెరిగే అవకాశం ఉంది. మీ నాన్నగారికి జూన్ మొదటి వారానికి 90 రోజులు నిండుతాయి గానీ మధ్యలో మందులు ఆగాయి, మోతాదులు పెరగలేదు. అలాంటి స్థితిలో తీసిన ఎకోతో నిర్ణయం చేయడం సరికాదని డాక్టరుగారికి మీరే గుర్తు చేయండి. మందులు మళ్లీ మొదలై, మోతాదులు పెరిగి మూడు నెలలయ్యాక చేసే ఎకోకే విలువ. ఈలోగా డాక్టరుగారు చెప్పిన మోతాదులో మెటోప్రొలాల్ తప్పకుండా వేసుకోవడం ఆయనకు రక్షణ. మందులు బాగా వేసుకుంటున్నా ఏమీ మెరుగు కనిపించకపోతే గ్రాఫ్టు మూసుకుపోయిందా, మైట్రల్ వాల్వ్ లీకవుతోందా, గుండె లయ తప్పి ఉందా, థైరాయిడ్ తేడా ఉందా అని వెతకాలి.

ఒకవేళ ఈఎఫ్ 50 దాటినా మందులు ఆపకండి. 2019లో వచ్చిన ట్రెడ్-హెచ్‌ఎఫ్ అధ్యయనంలో, గుండె పూర్తిగా కోలుకున్నవారిలో మందులు ఆపిన 25 మందిలో 11 మందికి ఆరు నెలల్లోనే జబ్బు తిరగబెట్టింది. వాళ్లు రక్తనాళాలు మూసుకుపోయినవాళ్లు కాదు, గుండె సాగిపోయిన జబ్బు ఉన్నవాళ్లు. మీ నాన్నగారికి మచ్చ కూడా ఉంటుంది కాబట్టి ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఖర్చు భారమైతే డాపాగ్లిఫ్లోజిన్, సాకుబిట్రిల్-వల్సార్టన్ రెండూ ఇప్పుడు జెనెరిక్‌లో దొరుకుతున్నాయి, జన ఔషధి కేంద్రంలో అడగండి. ప్రభుత్వ పథకం కింద ఆపరేషన్ అయి ఉంటే ఫాలో అప్‌కి ఏం వర్తిస్తుందో ఆ హాస్పిటల్లోని ఆరోగ్యమిత్ర చెబుతారు.

తర్వాతి ఎకో కూడా వీలైతే ఎనిమిదో వారంలో చేసిన చోటే చేయించి, ఈఎఫ్‌ను కంటితో అంచనా వేయకుండా సింప్సన్ పద్ధతిలో కొలిచి జఠరిక పరిమాణాలు కూడా రాయమని అడగండి. వెళ్లేటప్పుడు మూడు పాత ఎకో రిపోర్టులు, సర్జన్ ఇచ్చిన గ్రాఫ్టుల వివరాల కాగితం, రోజువారీ బరువు, బీపీ రాసుకున్న పుస్తకం, ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.